గంజులో డిగ్రీ

“ఇయ్యాల ఏదో ఒకటి అయితది, చూస్తుండు. పొద్దుగాల్నించి నా కుడికన్ను అదురుతున్నది,” అంది సైదమ్మ.

అప్పటికింకా ఏమీ కాలేదు. ఎల్బీనగర్ వెనక గల్లీలోని ఆ కిరాయి ఇంట్లో పాలు విరగలేదు, కరెంటు పోలేదు, కూతురు మౌనిక అద్దం ముందు నిలబడి జడ వేసుకుంటోంది. మామూలు ఉదయమే. కానీ ఏమీ కాకపోవడమే సైదమ్మకు అన్నిటికన్నా పెద్ద అనుమానం.

ఆ రోజు మౌనిక డిగ్రీ ప్రాజెక్టు వైవా. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చదువు పూర్తయింది, పరీక్షలన్నీ గట్టెక్కాయి, ఇదొక్కటే మిగిలింది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బందులకీ రాస్తారోకోలకీ వాయిదా పడుతూ వచ్చిన వైవా చివరికి ఆ రోజుకు ఖాయమైంది. దిల్‌సుఖ్‌నగర్‌లోని కాలేజీకి బయటి నుంచి ఒక సారు వచ్చి ప్రశ్నలడుగుతాడు. ఈ పూట తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

ఏడాది ఆగడమంటే ఏమిటో సైదమ్మకు బాగా తెలుసు. చిన్నప్పుడు ఏడో తరగతి పరీక్ష నాడే వాళ్ల ఊరి వాగు పొంగింది. “వచ్చే ఏడు రాద్దువులే బిడ్డా,” అన్నాడు తండ్రి. వచ్చే ఏడు పెళ్లి చేశాడు. అప్పటి నుంచి దారికి ఏది అడ్డం వచ్చినా ఆమె కంటికి వాగులాగే కనిపిస్తుంది.

“ప్రాజెక్టు ఏడ పెట్టినవే?”

మౌనిక పెన్‌డ్రైవ్ తీసి చూపించింది. “ఇగో, అంత దీంట్లనే ఉన్నది. కాలేజీ కంప్యూటర్‌కు పెడితే వస్తది.”

“ఇన్నేండ్ల సదువు గోరంత దాంట్ల ఉన్నదా? పోతే?”

“ఎందుకు పోతదమ్మా?”

“పోయేటివన్ని చెప్పి పోతయా?” సైదమ్మ దాన్ని లాక్కుంది. కర్మన్‌ఘాట్ హనుమంతుడి సిందూరం చిటికెడు చేర్చి కొంగున ముడి వేసుకుంది. అయినా గుండె కుదుటపడలేదు. “ఆ డబ్బ గూడ తీస్కపోదాం.”

డబ్బ అంటే కంప్యూటర్ సీపీయూ.

“వైవాకు ఎవరన్న డబ్బ మోసుకొని పోతరా? నవ్వుతరే అమ్మా!”

“నవ్వనియ్. రేపు ఏడ్చేది వాళ్లు గాదు గదా.”

బస్సుల్లేవు, నడిచే వెళ్లాలి. దారిలో పోలీసులు డబ్బాను గుంజుకుంటే? రాయి తగిలితే? వాన పడితే? ఇంటి ముందు వరండాలో అన్నం వండే పెద్ద అల్యూమినియం గంజు బోర్లించి ఉంది. ఆర్టీసీ కండక్టరైన ఆమె భర్త భిక్షపతి ఎందుకో చెప్పకుండా నిన్న ఎక్కడి నుంచో తెచ్చి పెట్టాడు. సమ్మె రోజుల్లో ‘వంటా వార్పు’ అని రోడ్ల మీదే వండుకుని తింటున్నారు కాబట్టి, గంజు మోసేవాళ్లను ఏ పక్షమూ ఆపదని సైదమ్మకు తోచింది. సీపీయూను చద్దరులో చుట్టి గంజులో దించి మూత పెట్టేసింది.

తల్లి ఒక చెవి, కూతురు ఒక చెవి పట్టుకుని బయలుదేరారు. నిజంగానే ఎవరూ ఆపలేదు. పోలీసులైతే బారికేడ్ పక్కకు జరిపి మరీ దారిచ్చారు. “జై తెలంగాణ అక్కా!” అని ఎవరైనా అంటే, “జై తెలంగాణ తమ్మీ, జర జరుగు,” అంటూ సైదమ్మ సాగిపోయింది. కన్ను అదరడం కూడా తగ్గినట్టే అనిపించింది.

కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు రోడ్డంతా జనమే. డివైడర్ పక్కన రాళ్ల పొయ్యి భగభగ మండుతోంది, బకెట్లలో బియ్యం నానుతున్నాయి, పప్పు ఒక పక్క ఉడికిపోయింది. అన్నం గంజు మాత్రం లేదు. యూనియన్ నాయకుడు గోపయ్య మైకులో దులిపేస్తున్నాడు. “భిక్షపతన్న గంజు తెస్తనన్నడు. తెలంగాణ రాష్ట్రమన్న వస్తదిగని ఆ గంజు వచ్చేటట్టు లేదు!”

పొయ్యి పక్కన నిలబడ్డ భిక్షపతి మొహం మాడిపోయింది. “ఇంటికి పోయి చూసొచ్చిన గోపన్నా! తాళమున్నది, గంజు లేదు! ఎవడో ఎత్కపోయిండు!”

సరిగ్గా అప్పుడే జనం చీలి, గంజు ప్రత్యక్షమైంది.

“వదినే తెచ్చింది!” అని కేక. చప్పట్లు, ఈలలు. సైదమ్మ నోరు తెరిచేలోపే నలుగురు గంజును లాక్కుని పొయ్యి మీద పెట్టేశారు. “ఎసరు బాగనే పోసుకొచ్చినట్టున్నది, మస్తు బరువున్నది!” అన్నాడొకడు. ఇంకొకడు నానిన బియ్యం బకెట్ పైకెత్తాడు.

“ఆగుండ్రి! అందుల నా బిడ్డ డిగ్రీ ఉన్నది!”

బకెట్ గాలిలోనే ఆగిపోయింది. సైదమ్మ కొంగు చేతికి చుట్టుకుని, కాలుతున్న చెవి పట్టి గంజును ఒక్క లాగు లాగింది. గంజు దిగింది. జారిన కొంగు నిప్పుల్లో పడి అంటుకుంది. భిక్షపతి చెప్పుకాలితో తొక్కి ఆర్పాడు. గోపయ్య మూత తీసి, చద్దరు విప్పి చూశాడు. చేతిలో మైకు ఉందన్న సంగతి మరిచి అడిగాడు.

“భిక్షపతన్నా, గిది ఎన్ని విజిల్లకు ఉడుకుతదే?”

రోడ్డు రోడ్డంతా నవ్వింది. సైదమ్మ నవ్వలేదు. కొంగుముడి వెతికింది. ముడి లేదు. కరిగి ముద్దైన నల్లటి ప్లాస్టిక్, దానికి అంటుకున్న సిందూరం మిగిలాయి. జీవితంలో మొదటిసారి తను భయపడ్డది భయపడ్డట్టే జరిగింది. ‘నేను చెప్పలే?’ అనడానికి మాత్రం నోరు రాలేదు. దాన్ని కొంగున కట్టింది తనే కదా.

ముందర మనుషుల వాగు, వెనక పోలీసులు; డబ్బాను దాచడానికి ఇక గంజూ లేదు. మౌనిక కాలేజీకి ఫోన్ చేసింది. ఎత్తింది హెచ్‌ఓడీ చక్రపాణి.

“ప్రశ్నలడిగే గంగాధరరావు సారు గూడ ఇంక రాలేదమ్మా. వనస్థలిపురం నుంచి స్కూటర్ మీద బయలుదేరిండు. ఫోన్ ఎత్తుతలేడు. ఉండు, ఆయనకు మళ్ల చేస్త.”

డివైడర్ మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, పక్కన స్కూటర్. పొద్దున సమ్మెవాళ్లు ఆయన్ను ఆపినప్పుడు ఎవరు ఏమడిగినా తల మాత్రమే ఊపాడట. “పాపం, మూగాయన. ఇంట్ల ఆమె ఎంత పరేషాన్ అయితున్నదో!” అని సైదమ్మ అంత కంగారులోనూ ఆయనకు మంచినీళ్లు ఇచ్చింది.

ఇప్పుడు ఆ మూగాయన జేబులో ఫోన్ మోగింది. ఆయన అరచేతితో దాని నోరు నొక్కేశాడు.

మౌనిక కాసేపు ఆలోచించి మళ్లీ చక్రపాణికి చేసింది. “సార్, ఇంకొక్కసారి కొట్టి చూడుండ్రి.” జేబు మళ్లీ మోగింది.

మౌనిక క్లాసులో సింధు అనే కోస్తా అమ్మాయి ఉంది. ఈ గొడవలు మొదలయ్యాక బస్సెక్కితే చాలు, యాస బయటపడుతుందని దిగేదాకా నోరు విప్పదు. ఈయన మూగతనమూ అందుకేనని మౌనికకు అర్థమైంది. ఆయన్ను పట్టివ్వలేదు. తిన్నగా గోపయ్య దగ్గరికి వెళ్లింది.

“గోపన్న బాబాయ్, మైకు జనరేటర్ నాకు జరసేపు కావాలె.”

పక్క జిరాక్స్ షాపతను షట్టర్ సగం ఎత్తి మానిటరు, కీబోర్డు ఇచ్చాడు. టెంట్ కింద బల్ల మీద అన్నీ అమర్చారు. నిప్పుల మీద కూర్చుని లేచిన డబ్బా ఇంకా గోరువెచ్చగా ఉంది. మౌనిక బటన్ నొక్కింది. ఏమీ కాలేదు. సైదమ్మ కళ్లు మూసుకుని ఆంజనేయుడికి మొక్కింది. చాలదేమోనని యాదగిరి నరసింహస్వామికీ మొక్కింది. మౌనిక వైరు గట్టిగా దోపి మళ్లీ నొక్కింది. డబ్బా గుర్రుమంది. తెర వెలిగింది.

డివైడర్ వైపు తిరిగి నిలబడి మౌనిక మొదలుపెట్టింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల మెస్సుల కోసం చేసిన ప్రాజెక్టు అది. ఎవరు తింటారు, ఎంత వండాలి, ఎంత మిగులుతుంది అన్నీ ముందే చెబుతుంది.

“అది సరే బిడ్డా,” అన్నాడు గోపయ్య. “గీ రోడ్డు మీద ఇంత మందికి ఇయ్యాల ఎంత బియ్యం పొయ్యాల్నో చెప్తదా?”

కార్మికులెందరో, స్టూడెంట్లెందరో, ఇరుక్కుపోయిన లారీలవాళ్లెందరో, ఎండలో నిలబడ్డ పోలీసులెందరో లెక్కేసుకు రమ్మని మౌనిక మనుషుల్ని పంపింది. ఆకలి మీదున్న వయసువాళ్లకు ఎక్కువ, పెద్దలకు తక్కువ వేసి మీట నొక్కింది. తెర మీద అంకె వచ్చింది.

“గింతేనా? సరిపోదు. ఇంకో సంచి విప్పుండ్రి!” అన్నది మరెవరో కాదు, సైదమ్మే.

“అమ్మా, వద్దు. ఇదే నా పరీక్ష.”

సంచి తాడు మీద పడ్డ సైదమ్మ చేయి ఆగిపోయింది. వంట దగ్గర తక్కువైతే పోయే పరువు ఒక పక్క, కూతురి మాట ఒక పక్క. మెల్లగా చేయి వెనక్కి తీసుకుని, మళ్లీ అటు పోకుండా రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

ఖాళీ అయిన గంజు ఈసారి నిజంగా పొయ్యెక్కింది. అన్నం ఉడికింది. కార్మికులు తిన్నారు, స్టూడెంట్లు మారు వడ్డించుకుని తిన్నారు, పోలీసులు టోపీలు తీసి తిన్నారు. వంగి గంజులోకి చూసినప్పుడల్లా సైదమ్మ గుండె అందులోనే పడుతోంది. ఆఖరి పంక్తిలో మూగాయనకు, భిక్షపతికి, మౌనికకు పెట్టి, అడుగు గీకి తన పళ్లెంలో వేసుకుంది. పళ్లెం నిండింది. గంజు ఖాళీ.

మౌనిక డివైడర్ దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడింది. “సార్, ఏమన్న అడుగుతరా?”

“మూగాయనను సతాయిస్తవేందే?” అంది సైదమ్మ.

అందరూ అటు తిరిగారు. ఆయన చేయి కడుక్కున్నాడు. రుమాలుతో తుడుచుకున్నాడు. జేబులోని పెన్ను తీశాడు, మళ్లీ పెట్టాడు.

“ఏమీ అడగనండీ,” అన్నాడు గంగాధరరావు, అచ్చమైన గోదావరి యాసలో. “అమ్మాయి ఫస్ట్ క్లాసులో పాసైనట్టేనండీ. ఒక కాపీ కాలిపోయినా ఇంకోటి దగ్గరుంచుకుంది చూడండి, అదే ఈ చదువులో మొదటి పాఠం.”

భిక్షపతి జేబులోంచి కండక్టర్ విజిల్ తీసి ఊపిరంతా ఊదాడు. “రైట్ రైట్! నా బిడ్డ పాసైంది!” డప్పులు మోగాయి. మౌనిక తల్లిని వాటేసుకుంది. “నీ డబ్బనే గెలిపించిందమ్మా!” సైదమ్మ కాలిన కొంగుతోనే కళ్లు తుడుచుకుంది. వాగు దాటేశారు.

గోపయ్య మైకు పట్టుకుని గంగాధరరావు ముందుకు వచ్చాడు. “సారూ, గింత మంచిగ మాట్లాడతవ్. మరి పొద్దుగాల్నించి మూగనోము ఎందుకు పట్టినవ్?”

డప్పులు ఆగిపోయాయి. ఆయన మైకు వంక చూశాడు, చుట్టూ ఉన్న జనం వంక చూశాడు, నున్నగా గీకిన గంజు వంక చూశాడు. మైకు మీదికి వంగాడు.

“నోరు విప్పితే వైవా నాకు పెడతారేమోనని భయమేసిందండీ.”

జరగకముందే భయపడే తెలివి పెద్ద చదువులు చదివినవాళ్లకూ ఉంటుందని తెలిసి, సైదమ్మకు ఆ రోజు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.