కాగితం కోసం వెళ్ళిన ముగ్గురు

గురువారం పొద్దున సత్తార్‌కుల్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎసెనాలీ ఇంటికి వెళ్ళాలి, ఒక్క కాగితం రాయించుకోవాలి, మూడు గంటల బస్సులో పట్నంలోని ప్రెస్సుకు పంపాలి. ఈపాటి పనికి ఊరంతా ఏడవాల్సి వస్తుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

పశువుల డాక్టరు కల్మూర్జా పోయి ఏడాది నిండుతోంది. శనివారం సంవత్సరీకం. ఆ రోజు వచ్చిన ప్రతివాళ్ళ చేతిలో, స్నేహితులు రాసిన జ్ఞాపకాల పుస్తకం పెట్టాలని అతని భార్య బురుల్చా కోరిక. నేను చూసుకుంటానమ్మా అని సమాధి దగ్గర మాటిచ్చింది మాస్టారే. మాటివ్వడానికేం, నోరుంటే చాలు. తిరిగి తిరిగి బూట్లు అరిగాయి గానీ, చేతికి వచ్చింది ఒకే ఒక్క కాగితం, అదీ పశువైద్య కార్యాలయం వాళ్ళది. అందులో కల్మూర్జా పేరు తీసేసి ఏ ఉద్యోగి పేరు పెట్టినా సరిపోతుంది. మిగతావాళ్ళంతా రేపు, రేపు అన్నారు. గట్టిగా అడిగితే, ప్రాణస్నేహితుడు ఎసెనాలీ రాయకుండా మేమెలా ముందు రాస్తామన్నారు. ఆ ఎసెనాలీయేమో మాస్టారి గొంతు వినబడితే చాలు, పెరటి దారిన గుర్రాల దగ్గరికి పోతాడు.

నిన్న బురుల్చా అడగనే అడిగింది. "అన్నయ్యా, మా ఆయనకి స్నేహితులే లేరనుకుంటారేమో జనం."

ఒంటరిగా వెళ్తే దొరకడని, ఈసారి కాదనలేని పెద్దమనుషుల్ని వెంటబెట్టుకున్నాడు. ఊరికి పెద్ద జోల్చూ తాత ఒకరు, ఆయన తమ్ముడు ఇంకొకరు. ముగ్గురూ ఉతికిన కోట్లు తొడుక్కుని, తెల్ల ఉన్ని టోపీలు పెట్టుకుని, గేటు దగ్గర కేక వేయకుండా లోపలికి నడిచారు. కేక వేస్తే పారిపోతాడు కదా మరి.

ఇక్కడే వచ్చింది తంటా. మా లోయలో చావు కబురు ఎవరూ సూటిగా చెప్పరు. ఇలాగే పొద్దున్నే, తెల్ల టోపీలతో, ముగ్గురు పెద్దలు కేక వేయకుండా వస్తారు. కూర్చుని, కొండల గురించీ నదుల గురించీ మాట్లాడి మాట్లాడి, ఆఖర్న పేరు చెబుతారు. ఈ ముగ్గురి వయసులూ కలిపితే రెండువందల ముప్పై. ఒక్కరికైనా తట్టిందా అంటే, తట్టలేదు.

ఎసెనాలీ భార్య సైరా వాళ్ళని చూడగానే చేతిలోని టీ గిన్నె కింద పెట్టేసింది. ఎసెనాలీ పారిపోలేదు, వాళ్ళ ఎదురుగా కూర్చున్నాడు. మంచి శకునమే అనుకున్నాడు మాస్టారు. జోల్చూ తాత గొంతు సవరించుకున్నాడు. ఆయనకి ఏ మాటైనా కొండల దగ్గర మొదలుపెట్టడం అలవాటు.

"నాయనా, కొండంతటిది కూడా ఒకనాటికి కరిగిపోతుంది. గుండె రాయి చేసుకో. నీ సొంతమనిషి సంగతి..."

సైరా "బావగారూ" అని గొల్లుమంది. ఎసెనాలీ అన్న ఓర్మోన్ పై మేతభూముల్లో మందతో ఉన్నాడు. వసంతం నుంచీ దగ్గుతున్నాడు. అక్కడ ఫోను అందదు. ఇంకెవరు పోయి ఉంటారు? ఎసెనాలీ చావింటి ఆచారం ప్రకారం కర్ర అందుకుని గుమ్మం బయట దాని మీద వంగి నిలబడి, అన్నా అన్నా అంటూ ఏడవసాగాడు.

పెద్దలు మొహమొహాలు చూసుకున్నారు. తమకంటే ముందే మేతభూముల నుంచి కబురు వచ్చి ఉంటుందనుకున్నారు. ఓర్మోన్ లాంటివాడు మళ్ళీ పుట్టడని జోల్చూ తాత కళ్ళు తుడుచుకున్నాడు. మాస్టారూ ఏడ్చాడు. ఏడుస్తూనే, ఇక కాగితం రానట్టే అనుకున్నాడు, అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు, సిగ్గుపడుతూనే గడియారం చూసుకున్నాడు. పదిన్నర.

గంటలో వాకిట్లో చావుకి వేసే గుడారం లేచింది. ఆడవాళ్ళు లోపల రాగం తీస్తున్నారు. మగవాళ్ళు బయట కర్రల మీద వంగి వరసగా నిలబడ్డారు. కొలువుకు వెళ్ళాల్సినవాళ్ళు ఆగిపోయారు, బస్సు డ్రైవరు బస్సు వదిలి వచ్చాడు. గొర్రెను కోశారు, పెద్ద గుండిగ పొయ్యి మీదికి ఎక్కింది. బురుల్చా కూడా వచ్చి మాస్టారి వైపు ఒక్కసారి చూసింది. ఆయన తల దించుకున్నాడు.

పన్నెండున్నరకి మలుపులో దుమ్ము లేచింది. శనివారం సంవత్సరీకం విందుకని కొండ దిగి వస్తున్న ఓర్మోన్, తమ్ముడి వాకిట్లో గుడారం చూశాడు. తమ్ముడా అని అరుస్తూ గుర్రాన్ని దౌడు తీయించి, దూకి, వరసలో మొదటివాణ్ణి కావలించుకుని భోరుమన్నాడు. మొదటివాడు ఎసెనాలీయే. తలలు వంచుకుని ఏడవడం ఆచారం కాబట్టి ఇద్దరూ కాసేపు అలాగే ఏడ్చారు.

"ఎవరి కోసంరా ఏడుస్తున్నావు?" అన్నాడు ఓర్మోన్, గొంతు గుర్తుపట్టి.

"నీ కోసమే."

రాగాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. మరి కబురు తెచ్చిందెవరు? వాకిలంతా మెల్లగా తెల్ల టోపీల వైపు తిరిగింది. మాస్టారు కోటు జేబులోంచి తెల్లకాగితం తీసి, తాను దేనికోసం వచ్చాడో చెప్పాడు. ఎవరో కర్ర ఎత్తారు కూడా. అప్పుడు వంట చూస్తున్న పక్కింటి ముసలావిడ గుండిగ పక్కనుంచి లేచింది. పోయినవాడి పేరున కోసిన మాంసం బతికున్నవాడి పేరున తింటే ఆయుష్షు తగ్గుతుందని తేల్చేసింది. ఆ మాట అందరికంటే ముందు ఓర్మోన్ ఒప్పుకున్నాడు. మరి ఎవరి పేరున తినాలి?

"మా ఆయన పేరున తినండి. ఆయన ఎలాగూ పోయాడు" అంది బురుల్చా.

ఎసెనాలీ కర్ర కింద పడేశాడు. "వదినా, ఏం రాయమంటావు? పోయినేడు ఆ మంచువానలో నా గుర్రం ఈనలేకపోతుంటే వాణ్ణి పిలిచింది నేనే. ఆ తడవడంతోనే వాడికి జ్వరం పట్టుకుంది, దాంతోనే పోయాడు. అది రాసి నీ మొహం ఎలా చూడను?"

"నాకు తెలియదా? గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. ఎసెనాలీ పిలిస్తే ఆగమంటావా అని నన్ను పక్కకి నెట్టి మరీ వెళ్ళాడు. అదే రాయి."

ఎసెనాలీ అక్కడే కూలబడి, కాగితం మోకాలి మీద పెట్టుకుని, కన్నీళ్ళు తుడుచుకోకుండా రాశాడు. ఇక మిగతావాళ్ళకి సాకు లేదు. కాగితం ఇచ్చినవాడికే మాంసమని ముసలావిడ గరిటె పట్టుకుని నిలబడింది. మూడు దాటినా బస్సు కదల్లేదు. డ్రైవరు రెండో పేజీలో ఉన్నాడు. చివరికి ముప్పై ఒక్క కాగితాలు గుండెకి హత్తుకుని మాస్టారు బస్సెక్కాడు.

ఎక్కుతుంటే వెనక ఓర్మోన్ మాట వినబడింది. "పొద్దుట్నుంచీ నన్ను తెగ పొగిడారట కదా. నేను పోయాక మీ చుట్టూ తిరిగే ఓపిక ఎవడికుంటుంది? అవేవో ఇప్పుడే రాసిచ్చేయండి."

అందరూ తప్పకుండా రేపు రాసిస్తామన్నారు.