సోమరాజు గారి వార్మప్ పద్ధతి

అన్యాయం జరిగింది ఎవరికి? వీరలక్ష్మికి. చేసినది ఎవరు? ఆమెకు తాళి కట్టిన సోమరాజు. ఎలా? ఒక శుక్రవారాన్ని ఎగ్గొట్టి.

పదకొండేళ్ళ కిందట ఒక గురువారం సాయంత్రం ఆమె బహ్రెయిన్‌లో విమానం దిగింది. సనాబిస్‌లోని మూడో అంతస్తు ఇంటికి పెట్టె మోసుకొస్తూ, రొప్పుతూ, సోమరాజు ప్రమాణం చేశాడు.

"రేపు సెలవు. తొమ్మిదింటిదాకా పడుకో. నిన్నెవరూ లేపరు. టీ నేనే పెట్టి మంచం దగ్గరికి తెస్తాను."

మర్నాడు తెల్లవారకముందే అతని పాత లేబర్ క్యాంపు మిత్రులు ఎనిమిది మంది కోడికూర మీద ఆశతో తలుపు తట్టారు. "వచ్చే శుక్రవారం" అన్నాడు సోమరాజు. ఆ వచ్చే శుక్రవారం పదకొండేళ్ళుగా వస్తూనే ఉంది.

ఆరు రోజులు అద్లియాలో ఒకరింట వంట చేసి, బట్టలు ఇస్త్రీ చేసి వచ్చే మనిషికి ఏడో రోజు నిద్ర ఎంత అవసరమో వివరించనక్కరలేదు. ఆమె కోరినది నగ కాదు, చీర కాదు. ఒక్క ఉదయం.

ఇటువంటి ఇంట్లో, యాభై ఏడో ఏట, సోమరాజు కొండలెక్కే సైకిలు కొన్నాడు. బహ్రెయిన్‌లో కొండలెక్కే సైకిలు కొనడమంటే బోడితలకు మూర మల్లెపూలు కొనడమే. అయితే దక్షిణాన ఎడారిలో ఒక రాతిగుట్ట ఉంది. మన జిల్లాల్లో అయితే దాన్ని కాస్త ఎత్తైన అరుగు అంటారు. కానీ నిట్టనిలువుగా ఉంటుంది. శుక్రవారాల్లో అక్కడికి వెళ్ళే సైకిల్ దండు దానికి ఏడుపుగుట్ట అని పేరు పెట్టింది. మూడేళ్ళుగా సోమరాజు ప్రతిసారీ సగంలో దిగి, మిగతా సగం సైకిలును తోసుకుంటూ ఎక్కేవాడు.

దండు నాయకుడు కరీంనగర్ దేవేందర్ ఒకనాడు జాలిపడ్డాడు. "అన్నా, యాభై దాటినంక చల్లటి పెయ్యితోని గుట్టెక్కొద్దు. ముందుగాల అరగంట వార్మప్ జేసి రా."

ఆ ఒక్క మాటతో వీరలక్ష్మికి ఉన్న కాస్త నిద్రా పోయింది.

శుక్రవారం తెల్లవారి నాలుగున్నరకు సోమరాజు ముందుగదిలో వెనక చక్రం నేలకు తగలకుండా సైకిలును రెండు ఇటుకల మీద నిలబెట్టాడు. అది పడిపోకుండా పట్టుకునే స్టాండు బజారులో ముప్పై దినార్లు. భార్య ఇంట్లోనే ఉంది.

"వీరలక్ష్మీ, ఒక్క అరగంట హ్యాండిల్ పట్టుకో."

"ఏమండీ, ఇవాళ శుక్రవారమండీ."

"అందుకేగా! మిగతా రోజుల్లో నీకు డ్యూటీ ఉంటుంది కదా."

ఆమె నిలబడే కునికింది. అతను కదలని సైకిలును కదలకుండా తొక్కాడు.

"మరి కింద కొట్లోంచి నీళ్ళ డబ్బాలు తేవాలి. లిఫ్టు పాడై నెలరోజులైంది. నా నడుం మోయలేకపోతోందండీ."

"అమ్మో! వేడెక్కిన ఒంటితో బరువులు మోయకూడదు. కండరాలు పట్టేస్తాయి."

"ఏసీ జాలీలో దుమ్ము..."

"దుమ్ము అసలే పడదు. ఊపిరి మొత్తం గుట్టకే దాచుకోవాలి."

వార్మప్ అసలు రహస్యం అప్పుడు ఆమెకు అర్థమైంది. అది గుట్ట ఎక్కడానికి ఎంతో, ఇంటిపని నుంచి దిగిపోవడానికీ అంతే.

నాలుగో శుక్రవారం ఆమె నిజంగానే నిద్రపోయింది, నిలబడే. చేతులు సడలాయి. ఇటుక జారింది. తిరుగుతున్న చక్రం నేలను తాకగానే సైకిలు సోమరాజుతో సహా తెరను చీల్చుకుని వంటగదిలోకి దూసుకుపోయి, రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి గిన్నెలో ఆగింది. మూడేళ్ళలో ఆ సైకిలు అంత జోరుగా వెళ్ళడం అదే మొదలు.

పిండిలోంచి సోమరాజు లేచాడు. "చూశావా, నువ్వు చెయ్యి వదిలేశావు!"

వీరలక్ష్మి అరవలేదు. అరవడానికి కూడా ఓపిక కావాలి. ఫోను తీసి, స్పీకరు పెట్టి, దేవేందర్‌కు కలిపింది.

"దేవేందర్ బాబూ, వార్మప్ అంటే సైకిలే తొక్కాలా?"

"అట్లేం లేదు వదినా. గుండె జోరుగ కొట్టుకోవాలె, తొడలు కదలాలె, చెమట పట్టాలె. గంతే."

"గొంతుక్కూర్చుని నేల తుడిస్తే?"

"మస్తుంటది. తొడలకు గదే మందు."

"ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బా భుజాన పెట్టుకుని మూడంతస్తులు ఎక్కితే?"

"అబ్బ! గది జేసినోడు ఏ గుట్టనైనా ఎక్కుతడు వదినా. ఎవలు జేస్తున్నరు?"

"మీ అన్నయ్యే" అని ఆమె ఫోను పెట్టేసింది.

సోమరాజు పిండి తుడిచాడు. నాలుగు డబ్బాలు మోశాడు. దుప్పట్లు పిండాడు. ఒళ్ళంతా చెమటతో, మనసంతా కోపంతో గుట్టకు వెళ్ళాడు. విధి విచిత్రమైనది. ఆనాడు అతను కాలు కింద పెట్టకుండా ఏడుపుగుట్ట ఎక్కేశాడు.

న్యాయం తెలిసిన మనిషి అయితే ఇంటికి వచ్చి భార్యకు దణ్ణం పెట్టేవాడు. సోమరాజు మాత్రం గుట్ట మీదే నిలబడి దండుకు ఉపన్యసించాడు. "ఇది నేను కనిపెట్టిన పద్ధతి. సోమరాజు పద్ధతి."

ఇంటికొచ్చి, "ఒంటికి కిటుకు తెలిసిపోయింది. ఇక వార్మప్ అక్కర్లేదు. వచ్చే శుక్రవారం ఆరింటిదాకా పడుకుంటాను. నువ్వు లేచి పెసరట్లు కట్టి ఇయ్యి" అన్నాడు.

"అలాగేనండీ" అంది వీరలక్ష్మి. పదకొండేళ్ళలో ఆమె అంత మెత్తగా మాట్లాడింది లేదు. సోమరాజు భయపడి ఉండవలసింది.

ఆ సాయంత్రమే ఆమె దేవేందర్‌కు మళ్ళీ ఫోను చేసింది. "బాబూ, మీ అన్నయ్య తన పద్ధతి అందరికీ నేర్పిస్తారట. శుక్రవారం ఐదింటికి మా ఇంటికి రండి. చప్పుడు మాత్రం చెయ్యొద్దు."

శుక్రవారం ఐదింటికి తలుపు తెరిచిన సోమరాజు ఎదుట ఆరుగురు నిలబడి ఉన్నారు. వెనక్కి తిరిగి చూస్తే పడకగది తలుపు వేసి ఉంది.

"అన్నా, యల్లా, కానియ్యి! నీ పద్ధతి జూపియ్యి" అన్నాడు దేవేందర్ గుసగుసగా.

కనిపెట్టినవాడు వెనకాడితే పరువు పోతుంది. సోమరాజు బక్కెట్టు తెచ్చాడు. ఇద్దరు నేల తుడిచారు, ఇద్దరు దుప్పట్లు పిండారు, ఒకడు ఏసీ జాలీ కడిగాడు. దేవేందర్, సోమరాజు డబ్బాలు మోశారు. ఎవరి డబ్బా మెట్టుకు తగిలినా సోమరాజు పెదవుల మీద వేలు పెట్టి బతిమాలాడు. "మెల్లగా బాబూ, ఆవిడ పడుకుంది."

అందరూ గుట్టకు బయలుదేరబోతుంటే దేవేందర్ అడిగాడు. "ఇంగ ఏమన్న మిగిలిందా అన్నా?"

సోమరాజు మూసిన తలుపు వైపు చూశాడు. తల గోక్కున్నాడు.

"మీరు పదండి" అన్నాడు. "నాది ఒకటి మిగిలిపోయింది. పాతది."

వీరలక్ష్మికి తనంతట తానే మెలకువ వచ్చేసరికి తొమ్మిదీ పది. ఇల్లు తళతళలాడుతోంది. మంచం పక్కన స్టూలు మీద సాసరు మూసిన టీ గ్లాసు, దాని వెనక తల వంచుకుని సోమరాజు.

"రెండుసార్లు చల్లారింది. ఇది మూడోది" అన్నాడు.

ఆమె తాగింది. పంచదార మరీ ఎక్కువైంది. ఆ మాట అనలేదు. బాకీ పూర్తిగా తీర్చినవాణ్ణి వడ్డీ అడగడం న్యాయం కాదు.