హెల్మెట్‌తో వెళ్ళిన మామగారు

పొద్దున అనుకున్నది చాలా తేలికైన పని. రాత్రంతా కురిసిన వాన తెరిపిచ్చింది. అది మళ్ళీ అందుకునేలోపు మామగారిని గుట్ట మీది శ్మశానానికి చేర్చి, గోతిలో దింపి, నలుగురూ నాలుగు మంచిమాటలు చెప్పుకుని ఇళ్ళకు వెళ్ళాలి. అల్లుడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ ఈ కార్యక్రమమంతా మనసులో ఒకసారి నడిపి చూసుకున్నాడు. ఎక్కడా తేడా రాలేదు.

మామగారు రాళ్ళ క్వారీలో భద్రతా శిక్షకులు. గుట్టలూ బురదా లెక్కచెయ్యని నాలుగు చక్రాల ఏటీవీ బండిని ఎలా స్టార్ట్ చెయ్యాలో, ఎలా నడపాలో, ముఖ్యంగా ఎలా నడపకూడదో నేర్పడం ఆయన ఉద్యోగం. ఉద్యోగాన్ని క్వారీలోనే వదిలేసి ఇంటికొచ్చే మనిషి కాదాయన. ఆయన ఇంట్లో బల్బు మార్చాలంటే స్టూలుకు ముందు హెల్మెట్ రావాలి. అంతటి జాగ్రత్తపరుడు మొన్న సాయంత్రం చదునైన నేల మీద, నాలుగు కాళ్ళూ గట్టిగా ఉన్న కుర్చీలో, బూట్ల లేసులు రెండు ముళ్ళు వేసి కట్టుకుని, ఏ నియమాన్నీ మీరకుండా కన్నుమూశారు. డాక్టరు గుండె ఆగిందన్నాడు. తనిఖీ లేకుండా అదెలా ఆగుతుందని అత్తగారికి ఇప్పటికీ అనుమానమే.

అల్లుడు అదే క్వారీ ఆఫీసులో గుమాస్తా. ఏటీవీ పరీక్షకు మామగారి ముందు మూడుసార్లు నిలబడి మూడుసార్లూ ఫెయిలయ్యాడు. మొదటిసారి చేతి తొడుగులు మర్చిపోయాడు. రెండోసారి నడుపుతూ నడుపుతూ భార్యకు చెయ్యి ఊపాడు. మూడోసారి ఒక్క తప్పూ చెయ్యలేదు, అయినా ఆయన "దిగేటప్పుడు నవ్వావు. ఫెయిల్" అనేసి వెళ్ళిపోయారు. అల్లుడికి బండి మీద పెద్ద మోజేమీ లేదు. ఆయన నోటితో ఒక్కసారి "బాగా నడిపావు" అనిపించుకోవాలని ఉండేది. ఇప్పుడు ఆ నోరే లేదు. శవపెట్టె ముందు నిలబడినప్పుడల్లా అతనికి ఏడుపుతో పాటు చిన్న కోపం కూడా వస్తోంది.

శవాన్ని తీసుకెళ్ళాల్సిన వ్యాన్ డ్రైవరు ఫోన్ చేసి, గుట్ట దారి వానకు కోసుకుపోయింది, తన వల్ల కాదన్నాడు. క్వారీ మేనేజరు వెంటనే ఏటీవీనీ, దాని వెనక తగిలించే చిన్న ట్రాలీనీ, పెట్టె మొయ్యడానికి ఇద్దరు రాళ్ళు కొట్టేవాళ్ళనీ లారీలో పంపించాడు. నడపడానికి చిన్నమామగారు ఉండనే ఉన్నారు. ఆయన మామగారి తమ్ముడు. అన్నగారు పెట్టిన అదే పరీక్ష మొదటిసారికే పాసై, అప్పుడిచ్చిన రేకు బిళ్ళను పెళ్ళికైనా చావుకైనా ఛాతీ మీద తగిలించుకుని వచ్చే మనిషి.

"మా అన్నయ్యను నేనే తీసుకెళ్తా!" అంటూ ఆయన లారీ తలుపు పట్టుకుని ముందుకొస్తుండగా ఎవరో దాన్ని దబాలున వేశారు. ఆయన కుడి బొటనవేలు తలుపులోనే ఉండిపోయింది. ఏటీవీకి ఇంధనం అందించే మీట నొక్కేది సరిగ్గా ఆ వేలితోనే.

"ఇప్పుడెవరు నడుపుతారు?" అంది భార్య.

"మీ ఆయన ఉన్నాడుగా. మూడుసార్లు ఫెయిలయ్యాడంటే మూడుసార్లు నడిపినట్టేగా!" అన్నారు చిన్నమామగారు, వేలికి గుడ్డ చుట్టుకుంటూ.

 అల్లుడు ఎక్కాడు. ఎక్కేముందు టైర్లు నొక్కాడు, బ్రేకులు పట్టి చూశాడు, పెట్రోలు చూశాడు, గేరు న్యూట్రల్లో పెట్టి బటన్ నొక్కాడు. బండి ఉలకలేదు, పలకలేదు.

"ఇంజిన్ ఆపే ఈ ఎర్ర స్విచ్ ఎవరు నొక్కారు?"

"నేనేనండీ" అంది భార్య కళ్ళు తుడుచుకుంటూ. "నిలిపి ఉన్న బండి కనబడితే ముందు అది నొక్కమని నాన్న చిన్నప్పుడే చెప్పారు."

అల్లుడు స్విచ్ సరిచేసి, లోపలికెళ్ళి చేతి తొడుగులు తెచ్చుకుని బటన్ మళ్ళీ నొక్కాడు. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అతను లోపలికెళ్ళిన కాస్తలో చిన్నమామగారు పెట్రోలు మీట కట్టేశారు, అది కూడా అన్నగారి మాటేనట. దిగి దాన్ని తెరిచి మళ్ళీ కూర్చుంటే తాళం లేదు. తాళం అత్తగారి గుప్పిట్లో ఉంది.

"మనిషి దిగాక బండికి తాళం ఉంచకూడదు బాబూ. ముప్పై ఏళ్ళుగా చెవిలో పోరుపెట్టారాయన. ఈ ఒక్కరోజుకి మాట తప్పమంటావా?"

అల్లుడికి తల ప్రాణం తోకకొచ్చింది. పోయిన మనిషి నేర్పిన జాగ్రత్తలన్నీ కలిసి ఆయన్ను గడప దాటనివ్వడం లేదు. అప్పుడే గుట్ట మీద నుంచి గొయ్యి తవ్వే మనిషి ఫోన్ చేశాడు.

"అయ్యా, ఇక్కడ ఊట పడింది. గోతిలో మోకాలి లోతు నీళ్ళు. మీరింకా ఆలస్యం చేస్తే పెద్దాయన్ని పూడ్చలేం, తేలిపోతారు."

దాంతో అందరిలోనూ కదలిక వచ్చింది. అత్తగారు తాళం ఇచ్చేశారు. ఇచ్చి, లోపలి నుంచి హెల్మెట్లు తెచ్చి అందరి నెత్తినా పెట్టారు. నడిచేవాళ్ళకెందుకని రాళ్ళు కొట్టేవాళ్ళు గొణిగినా వినలేదు. చివరికి ఒక పాత తెల్ల హెల్మెట్ ఆమె చేతిలో మిగిలింది.

"మరి ఆయనకో?" అన్నారు.

 ఆ ఇంట్లో ఆ క్షణాన ఆమెకు ఎదురుచెప్పే గుండె ఎవరికీ లేదు. పెట్టె మూత తీశారు. ఆమె తనే ఆయన తలకు హెల్మెట్ పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించి, బిగువు సరిపోయిందో లేదో వేలు దూర్చి చూశారు.

ఇక మూత పడలేదు. జానెడు ఎత్తున నిలబడిపోయింది. ట్రాలీకి పెట్టెను కట్టడానికి తెచ్చిన తాడుతో మూతను పెట్టెకు కట్టారు. ఉన్నది ఆ ఒక్క తాడే.

"మరి పెట్టెను ట్రాలీకి దేనితో కట్టాలి?" అన్నాడు అల్లుడు.

"అంత బరువు ఎక్కడికి పోతుందయ్యా! వెనక నుంచి ఇద్దరు పట్టుకుంటారు" అన్నారు చిన్నమామగారు.

అయితే గుట్ట ఎక్కే బండి వెనక మనిషి నడవకూడదని అత్తగారు ఆ ఇద్దరినీ పక్కకు తప్పించారు. అదీ నియమమే.

అల్లుడు స్టార్ట్ చేశాడు. ముందుకు వంగి, మీట మెల్లగా నొక్కుతూ, చూపు దారి మీద నుంచి తిప్పకుండా గుట్ట ఎక్కించసాగాడు. బురద చిమ్ముతోంది, బండి కిందామీదా పడుతూనే ఎక్కుతోంది. మొదటి మలుపు దాటాక అతనికి మనసులో రవ్వంత పొగరు కూడా కలిగింది. చూడండి మామయ్యా, చూడండి అనుకున్నాడు.

"ఏవండీ! నాన్న జారిపోతున్నారు!" భార్య కేక విని బ్రేకు పట్టాడు. పెట్టె సగం ట్రాలీ దాటి వెనక్కి గాల్లో నిలిచి ఉంది. ఇంకొంచెం ముందుకు పోనిస్తే అది కింద పడుతుంది. బ్రేకు వదిలితే బండీ, ట్రాలీ, పెట్టె కలిసి దూరంగా వెనక వస్తున్న బంధువుల మీదకు దొర్లుతాయి. వాలులో పక్కకు తిప్పితే తనే బండి కింద పడి, అదే గోతికి రెండో మనిషవుతాడు.

"తిప్పు! తిప్పు!" అని అరిచారు చిన్నమామగారు.

అల్లుడు తిప్పలేదు. పార్కింగ్ బ్రేకు బిగించాడు. ఎర్ర స్విచ్ నొక్కాడు. గుట్ట పైవైపుకు మెల్లగా దిగి, చక్రాల వెనక రాళ్ళు పెట్టాడు. 

"బండి ఇంక కదలదు. మోసుకెళ్దాం" అన్నాడు.

"అంతేనా? ఇంత చేసి మధ్యలో దిగిపోవడమేనా? మళ్ళీ ఫెయిల్!" అన్నారు చిన్నమామగారు.

ఆ మాటకు అల్లుడు ముఖం తిప్పుకున్నాడు. భుజం మీద పెట్టె ఎత్తుకుని, అడుగు జారుతుంటే ఆగుతూ, అందరూ గుట్ట పైకి చేరేసరికి వాన మళ్ళీ అందుకుంది. గోతిలో నీళ్ళు తొడల దాకా వచ్చాయి. తవ్వేవాడి దగ్గర ఉన్నదల్లా ఒక పార. నీళ్ళు తోడటానికి బకెట్టు లేదు, డబ్బా లేదు.

అల్లుడు అందరి తలల వంకా ఒకసారి చూశాడు. "హెల్మెట్లు తియ్యండి" అన్నాడు.

అత్తగారి వైపు బెరుగ్గా చూస్తూనే ఒక్కొక్కరూ తీశారు. హెల్మెట్లతో నీళ్ళు తోడి పోస్తున్నారు. ఊట తగ్గడం లేదు. కాసేపు చూసి, అత్తగారు తాడు విప్పించి, మూత ఎత్తి, ఆయన గడ్డం కింద పట్టీ వదులు చేశారు. తెల్ల హెల్మెట్ తీసి అల్లుడి చేతికిచ్చారు.

"ఇంక ఆయనకు తగిలే దెబ్బలేవీ లేవులే. తోడు బాబూ."

తోడారు. నీళ్ళు అడుగంటాయి. మూత ఈసారి సరిగ్గా పడింది. ఆయన్ను దింపి మట్టి కప్పారు. అప్పుడు అల్లుడికి ఆగలేదు.

"నన్ను పాస్ చెయ్యకుండానే పోయారు అత్తయ్యా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఈరోజూ సగంలోనే ఆపేశాను."

అత్తగారు తడి కొంగుతో అతని ముఖం తుడిచారు.

"నన్నెన్నిసార్లు ఫెయిల్ చేశారో తెలుసా? పెళ్ళయిన కొత్తలో నేనూ నేర్చుకుంటానన్నాను. ఎప్పుడు పరీక్ష పెట్టినా ఫెయిలే. ఏమిటండీ ఇదని నిలదీస్తే, 'పాస్ చేస్తే బండెక్కుతావు. ఎక్కితే ఎప్పుడో పడతావు. తర్వాత నేనేం కావాలి?' అన్నారు. అమ్మాయినీ అంతే. నీ మూడో పరీక్ష అయిన రోజు అన్నం సరిగ్గా తినలేదు. 'ఒక్క తప్పూ చెయ్యలేదే, బాగా నడిపాడు. అందుకే భయంగా ఉంది' అన్నారు. ప్రాణం పెట్టుకున్నవాళ్ళని ఒక్కరినీ ఆయన పాస్ చెయ్యలేదు బాబూ."

 కట్టు కట్టిన బొటనవేలితో నానా అవస్థపడి, చిన్నమామగారు ఛాతీ మీది రేకు బిళ్ళను ఊడదీసి జేబులో వేసుకున్నారు.