చొక్కా సీను

“ఎవరి సినిమాకి వాళ్ళే ఐదు స్టార్లు ఇచ్చుకుంటే దాన్ని అభిప్రాయం అనరు నాన్నా, సొంత డబ్బా అంటారు,” అంది కూతురు, అప్పటికి మూడోసారి.

“నా సినిమా ఏంటే? నేనేమన్నా హీరోనా, డైరెక్టర్నా? చొక్కాలు కుట్టాను. చొక్కాలు కుట్టినవాడు ప్రేక్షకుడు కాడా?” అన్నాడు టైలర్.

“ఇచ్చుకోనీవే పాపం. అడగందే అమ్మైనా పెట్టదు,” అంది ఆయన తల్లి, తను అమ్మేనన్న సంగతి మరిచిపోయి.

టీ చల్లారిపోయినా గొడవ చల్లారలేదు. టైలర్ భార్య మాత్రం ఎటూ మాట్లాడలేదు. బొత్తాల డబ్బా ముందేసుకుని, నాలుగు రంధ్రాలవీ రెండు రంధ్రాలవీ విడదీస్తూ తల వంచుకుంది. ఆ సినిమా మాట వస్తే పద్దెనిమిదేళ్ళుగా ఆమె చేసే పని అదే.

అది సైన్స్ ఫిక్షన్ కామెడీ. ఒక శాస్త్రవేత్త తను కనిపెట్టిన మందు తనే తాగి మాయమైపోతాడు. మనిషి కనబడడు, బట్టలు కనబడతాయి. ఆ ఖాళీ బట్టల్ని సన్నటి దారాలతో నడిపించినవాడు టైలర్. సినిమా నాలుగు రోజులాడి, హీరో తాగిన మందే తనూ తాగినట్టు మాయమైంది. పోయిన నెల ఎవరో పుణ్యాత్ముడు దాన్ని నెట్‌లో పెట్టాడు. కింద ముగ్గురు అభిప్రాయాలు రాశారు. “సౌండ్ సరిగా లేదు” అని ఒకరు, ఒక స్టారు. “నిద్ర పట్టనివాళ్ళకి మంచిది” అని ఇంకొకరు, ఒక స్టారు. మూడో ఆయన పొరపాటున తన కుక్కర్ గురించి రాశాడు. రబ్బరు పది రోజులకే వదులైందట. అయినా రెండు స్టార్లిచ్చాడు. సినిమా సగటు కాస్త పెరిగిందంటే ఆ కుక్కర్ చలవే.

అప్పటినుంచి టైలర్ ఒక్కో కొలతకీ మధ్య ఫోన్ చూసుకుంటున్నాడు. ఛాతీ కొలిచి ఫోను, నడుం కొలిచి ఫోను. నిన్న ఒకాయన ప్యాంటు ఒక కాలు పొట్టిగా వచ్చింది. ఇలాగైతే దుకాణానికి కూడా ఒక స్టారే మిగిలేలా ఉందని భార్యకి దిగులు పట్టుకుంది.

దిగులుకి తోడు ఆమె గుండెలో ఒక పాత ముల్లుంది. ఆమె ఆ సినిమా చూడలేదు. వెళ్ళలేదని కాదు, మొదటి రోజు మొదటి ఆటకే వెళ్ళింది. పళ్ళొస్తున్న ఆర్నెల్ల పిల్ల వారం రోజులుగా కన్ను మూయనివ్వలేదు. పిల్లని అత్తగారి చేతిలో పెట్టి, చల్లటి హాల్లో మెత్తటి కుర్చీలో కూర్చుందో లేదో, తెర మీద పేర్లు పడటం పూర్తికాకముందే నిద్రలోకి జారిపోయింది. మొగుడు జనం ముఖాలు చూడటానికి తలుపు దగ్గర నిలబడ్డాడు. లైట్లు వెలిగాక “ఎలా ఉంది?” అంటూ పరుగెత్తుకొచ్చాడు.

షూటింగ్ రోజుల్లో ఆయన ఇంటికొచ్చి ఒక సీను గురించి తెగ చెప్పేవాడు. మాయమైన శాస్త్రవేత్త భార్య బట్టలారేస్తూ ఏడుస్తుంటుంది. తీగ మీది తడి చొక్కా చెయ్యి మెల్లగా లేచి ఆమె కళ్ళు తుడుస్తుంది. “నిన్ను చూసే తట్టింది నాకు,” అనేవాడు. ఆమెకి తెలిసిన సీను అదొక్కటే. అందుకే “ఆ చొక్కా సీనుకి ఏడుపాగలేదండీ” అంది. ఆయన క్షణం సేపు ఆమెనే చూసి, దారంతా మాట్లాడలేదు. సంతోషంతో గొంతు పూడుకుపోయిందనుకుంది.

స్టార్ల గొడవ జరిగిన రోజు మధ్యాహ్నం ఆయన దుకాణానికీ కూతురు కాలేజీకీ వెళ్ళాక, ఆమె పాత ఫోన్ తీసి, ‘సగటు ప్రేక్షకుడు’ అన్న పేరుతో ఐదు స్టార్లు నొక్కి ఇలా రాసింది: “మంచి సినిమా. తీగ మీది చొక్కా ఆమె కళ్ళు తుడిచే సీను జన్మలో మరిచిపోలేను. కుట్టిన చేతులకి నమస్కారం.”

సాయంత్రం కూతురు చెప్పులైనా విడవకుండా దాన్ని బిగ్గరగా చదివింది. గుడ్డ కత్తిరిస్తున్న టైలర్ చేతిలో కత్తెర సుద్దగీత దాటి ఎటో వెళ్ళిపోయింది.

“కానీ నాన్నా, ఈ సీను సినిమాలో లేదే! నేను రెండుసార్లు చూశాను.”

భార్య చేతిలో గరిటె ఆగిపోయింది. లేదా? లేకపోవడమేమిటి?

“ఏమోనే, పాత సంగతులు. వదిలెయ్,” అన్నాడు టైలర్, చెమట తుడుచుకుంటూ.

“వదిలేయడమా? నెట్‌లో ఉన్నది కత్తిరించిన సినిమా అన్నమాట. ఈయనెవరో అసలు సినిమా చూశాడు. అంటే పూర్తి రీళ్ళు ఎక్కడో ఉన్నాయి!” కూతురి కళ్ళు మెరిశాయి. “డైరెక్టర్‌గారి నంబర్ నీ డైరీలో ఉందిగా?”

తండ్రి “వద్దే” అనేలోపే ఆమె నంబర్ నొక్కేసింది, అవతల ముసలి గొంతు పలికింది. ఆ సీను తీశారా అని కూతురు అడిగితే, ఆయన ఎంతోసేపు ఆలోచించలేదు.

“తీయకపోవడమేమిటమ్మా! మూడు రోజులు తీశాను. నడుమ వాన కూడా పడింది. నా ప్రాణం పెట్టాను ఆ సీనులో. నిర్మాత కత్తెరేశాడు, దుర్మార్గుడు!”

మర్నాటికి ఆ సంగతి పాత సినిమాల సంఘానికి చేరింది. సంఘం వాళ్ళు “పోయిన సీను కోసం వెతుకుదాం” అని ప్రకటించారు. ప్రకటన చూసి జనం వచ్చిపడ్డారు. “చిన్నప్పుడు మా మావయ్యతో చూశాను, ఇద్దరం ఏడ్చాం,” అని ఒకరు. “నీలం చొక్కా అది,” అని ఒకరు. “కాదు, చారలది. నేను ముందు వరసలో కూర్చున్నాను,” అని మరొకరు. వాళ్ళిద్దరూ ఒకరి వంశాన్ని ఒకరు తిట్టుకునేదాకా వెళ్ళారు.

“గళ్ళది,” అని గొణిగాడు టైలర్, సూదిలో దారం ఎక్కించలేక అవస్థ పడుతూ.

ఆయన సరిగా తినడం మానేశాడు. భార్యకి ముద్ద దిగడం లేదు. రీలు దొరుకుతుందని ఈ మనిషి ఇంత ఆశ పెట్టుకుంటే, రేపు రాసింది నేనేనని తెలిస్తే ఏమైపోతాడు? సినిమా చూడకుండానే ఇన్నేళ్ళు పొగిడానని తెలిస్తే, ఇక నా నోటి నుంచి వచ్చిన ఏ మాట నమ్ముతాడు?

ఉండబట్టలేక మూడో రోజు ఆ అభిప్రాయం చెరిపేసింది. అగ్గి మీద గుగ్గిలమైంది. “సగటు ప్రేక్షకుడి నోరు నొక్కారు!” అని నెట్‌లో గోల. నిర్మాతే చేయించాడని సగం మంది తేల్చేశారు. నిర్మాత పోయి పదేళ్ళయిందని ఎవరో గుర్తుచేస్తే, అయితే కొడుకు చేయించాడన్నారు.

“భయపడి దాక్కున్నాడు పాపం,” అంది కూతురు. “అయినా పర్లేదమ్మా. ఏ ఫోన్ నుంచి రాశాడో కనిపెడతామంటున్నారు సంఘం వాళ్ళు.”

“కనిపెట్టేస్తారా?” అంది తల్లి.

“కనిపెట్టేస్తారా?” అన్నాడు తండ్రి, అదే క్షణంలో.

అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “మీకేమన్నా దిష్టి తగిలిందా?” అంది.

ఆదివారం పొద్దున డైరెక్టర్ స్వయంగా ఊడిపడ్డాడు. చేతికర్ర, నల్ల కళ్ళద్దాలు, మెడలో మఫ్లరు. కుర్చీలో కూర్చుంటూనే, “ఏమయ్యా, ఆ మహానుభావుడు ఈ చుట్టుపక్కలే ఉన్నాడట. సంఘం వాళ్ళు చెప్పారు. మధ్యాహ్నానికి వీధి పేరు కూడా చెప్తామన్నారు. రీలు దొరకగానే సన్మానమట. నీకూ ఒక శాలువా కప్పిస్తాలే,” అన్నాడు.

టైలర్ ముఖం తెల్లబోయింది. అది చూసి భార్య ఇక తట్టుకోలేకపోయింది. టీ కప్పులు బల్ల మీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

“వెతకొద్దని చెప్పండి. రాసింది నేను.”

డైరెక్టర్ నల్ల కళ్ళద్దాలు తీసేశాడు.

“అమ్మా! నువ్వా?”

“రీలు నీ దగ్గరుందా తల్లీ?” అన్నాడు డైరెక్టర్, సగం లేచి.

“రీలూ లేదు, గీలూ లేదు. నేనసలు సినిమానే చూడలేదు. ఆ రోజు హాల్లో నిద్రపోయాను.” మొగుడి వైపు చూడలేక కప్పుల వైపు చూస్తూ అంది. “ఈయన చెప్పిన సీనే కదా అని రాశాను. ఉందనుకున్నాను. క్షమించండి.”

టైలర్ మెడలోంచి టేపు తీసి మడతపెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడతపెట్టాడు.

“తెలుసు,” అన్నాడు.

“ఏం తెలుసు?”

“నిద్రపోయావని. ఆ రోజే తెలుసు. లేని సీను చూసి ఏడ్చానన్నావుగా.” టేపు బల్ల మీద పెట్టాడు. “ఆ సీను కత్తిరించలేదు. అసలు తీయనేలేదు. నేను చెప్తే ఈయన పడీపడీ నవ్వి, ‘నువ్వు బొత్తాలు చూసుకోవోయ్’ అన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పలేక, తీస్తున్నారని చెప్పాను. నిన్ను పట్టుకుంటే నేనూ దొరికిపోతాను. అందుకే నోరెత్తలేదు. ఆ అభిప్రాయం చదవగానే తెలిసింది నువ్వేనని. ఆ సీను నేను చెప్పింది నీకూ ఈయనకీ మాత్రమే.”

“మరి ఈ వారమంతా నన్ను చూస్తూ ఊరుకున్నారా?”

“నువ్వూ నన్ను చూస్తూ ఊరుకున్నావుగా!”

“సరిపోయింది,” అంది అత్తగారు. “ఒకరి తప్పు ఒకరు నెత్తినేసుకోండి. మొద్దు నిద్ర మొగుడి తప్పు, కోతలు పెళ్ళాం తప్పు అనుకుంటే లెక్క తేలిపోతుంది.”

డైరెక్టర్ మాత్రం అయోమయంగా అందరినీ చూశాడు. “తీయలేదంటావేమిటయ్యా? వాన పడింది కదా! నాకు జలుబు కూడా చేసింది!” అంటూ, కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయాడు. తన జ్ఞాపకాన్ని ఈ టైలర్ కాజేయాలని చూస్తున్నాడని గుమ్మం దాటాక కూడా వినబడేలా అన్నాడు.

కూతురు సంఘానికి నిజం రాసింది. వాళ్ళు దాన్ని పెట్టారు కూడా. ఎవరూ నమ్మలేదు. “చూసిన మా కళ్ళు అబద్ధమా?” అని చారల చొక్కా ఆయనా నీలం చొక్కా ఆయనా మొదటిసారి ఒక్కటయ్యారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక భార్య కిటికీలు మూసి, తెరలు లాగి, నట్టింట్లో కుర్చీ వేసుకుంది. ముగ్గురూ ఏమిటన్నట్టు చూశారు.

“ఇవాళ నేను సినిమా చూస్తాను,” అంది మెల్లగా. “మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా. బాగుంటే బాగుందంటాను. లేకపోతే లేదంటాను. దుకాణం ఇవాళ తెరవొద్దు. మీరు నా పక్కన కూర్చోండి, తలుపు దగ్గర కాదు.”

టైలర్ మారుమాట్లాడకుండా కుర్చీ తెచ్చుకున్నాడు.

సాయంత్రానికి ఆ సీను చూశామని రాసినవాళ్ళ సంఖ్య, సినిమా చూసినవాళ్ళ సంఖ్యని దాటిపోయింది.