కోటు వేసుకుంటే నేరం

డెల్బర్ట్ హాస్కిన్స్ ఆ ఉదయం రెండు పనులు పెట్టుకున్నాడు. లోర్నా హోటల్లో గుడ్లు తినాలి. ఆపైన పాడైన పిస్తోలు బాగుచేయించుకోవాలి. ఊరు చిన్నది. అమెరికా పడమటి ఎడారిలో రాగి గని మూతపడ్డాక మిగిలినవి ఒక వీధి, కాస్త దుమ్ము, ఎవరి అభిప్రాయం వాళ్లది.

పిస్తోలు అతని భార్య ఓపల్‌ది. కోళ్ల కోసం వచ్చే నక్కను బెదిరించడానికి కొనుక్కుంది. పోయిన చలికాలం ఓపల్ పోయింది. నక్క రావడం మానలేదు. నిన్న పిస్తోలులో గుండ్ల చక్రం బిగుసుకుపోయింది, కోడి పోయింది.

బండి చలికి స్టార్టు కాలేదు. నడవాలి. చిక్కంతా అక్కడే. ఆ రాష్ట్రంలో పిస్తోలు నడుముకు కట్టుకుని, పదిమందికీ కనిపించేలా వీధిలో తిరగొచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. దాని మీద కోటు పడిందంటే మాత్రం దాచినట్టు లెక్క. దాచాలంటే పర్మిట్ కావాలి. డెల్బర్ట్ పర్మిట్ గడువు దాటిపోయింది. అలాంటి తేదీలు ఓపల్ గుర్తుపెట్టుకునేది.

అతనికున్న ఒక్క కోటూ మోకాళ్ల దాకా వస్తుంది. దాన్ని ఇంట్లో వదిలేసి, డిసెంబరు చలిలో చొక్కాతో బయల్దేరాడు. నడుముకు ఓపల్ బెల్టు. తోలు నిండా చెక్కిన గులాబీలు. పొట్టకు చాలక చివర తాడు ముడేశాడు.

హోటల్లో కిటికీ పక్క బల్ల అతనిది. రోజూ లోర్నా ఏదో ఒకటి అడుగుతుంది, నిద్ర పట్టిందా, మోకాలు నొప్పా అని. జవాబు వినదు. అయినా రోజు మొత్తంలో అతణ్ణి ఒక మనిషి పలకరించేది అప్పుడే. గుడ్లంటారా, అవి ఇంట్లోనూ ఉన్నాయి.

"ఏంటయ్యా ఆ వణుకు! కోటేదీ?" అంది లోర్నా.

"వేసుకుంటే నేరం."

"నీ మొహం." ఆవిడ తన శాలువా తీసి అతనికి నిండా కప్పింది.

అతనికి ఎవరైనా ఏదైనా కప్పి చాలా కాలమైంది. పిస్తోలు సంగతి చెప్పాల్సింది. వెచ్చగా కూర్చున్నాడు.

పక్క బల్ల దగ్గర వెర్నా ప్రూయిట్ ఉంది. వీధుల్లో తుపాకులు ఉండకూడదనే సంఘానికి ఆవిడే పెద్ద. అతను లోపలికి రాగానే పోలీసులకు ఫోను చేసేసింది. "ముసలాయన. నడుముకు పిస్తోలు. చేతులు గడగడా వణుకుతున్నాయి. ఏం చేస్తాడో ఆ దేవుడికే తెలియాలి."

పోలీసు డిప్యూటీ క్వింటానా వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు.

"పిస్తోలేదీ పెద్దాయనా?"

"ఇదుగో." డెల్బర్ట్ శాలువా ఎత్తి చూపించాడు.

"అంటే శాలువా కింద ఉంది."

"ఆవిడ కప్పింది."

"ఎవరు కప్పినా దాచినట్టే. పర్మిట్ చూపించండి."

"గడువు దాటింది."

క్వింటానా నిట్టూర్చాడు. "శాలువా తీసేయండి. నేను ఇప్పుడే వచ్చాననుకుంటా."

తీసేశాడు. వణుకు మళ్లీ మొదలైంది.

"చూశారా!" అంది వెర్నా. "పోలీసును చూడగానే ఎలా వణుకుతున్నాడో!"

అప్పటికే కబురు రాస్కో టిబ్బెట్స్‌కు అందింది. రాస్కో ఊళ్లో తుపాకులు బాగుచేసేవాడు, తుపాకీ హక్కుల సంఘానికి నాయకుడు. పోలీసు రేడియో వినడం తప్ప అతని ఇంట్లో వేరే పాట లేదు. డెల్బర్ట్ కోటు లేకుండా ఉన్నాడని విని, తన మనుషుల చేత కూడా కోట్లు విప్పించి తీసుకొచ్చాడు. అందరి నడుములకీ తుపాకులు. అందరి పళ్లూ టకటక.

"ఒరేయ్ డెల్బర్ట్! మగాడివిరా! ఇంత చలిలో హక్కు చూపించావు!"

"హక్కు కాదు రాస్కో. చక్రం తిరగట్లేదు. నీ దగ్గరికే వస్తున్నా."

"అది తర్వాత. ముందు ఫొటో."

ఈలోపు వెర్నా మనుషులు నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని దిగారు. హోటలు నిండిపోయింది.

"పర్మిట్ లేకుండా వీధిలో తుపాకీ ఏంటి? ఈ ఊళ్లో కుక్కకైనా లైసెన్సు ఉంది!" అంది వెర్నా.

"తుపాకీ హక్కు రాజ్యాంగంలో ఉంది. కుక్క సంగతి లేదమ్మా!" అన్నాడు రాస్కో.

"నీకు బుద్ధి ఉండాలన్న సంగతీ లేదు. అందుకేనా లేనిది?"

"రేపు మీ ఇంట్లో దొంగ పడితే నన్నే పిలుస్తావు!"

"మా ఇంట్లో పడ్డ దొంగవి నువ్వే రాస్కో! నిచ్చెన పట్టుకెళ్లి ఇంతవరకూ ఇవ్వలేదు!"

రెండు పక్షాలూ డెల్బర్ట్ బల్ల చుట్టూ చేరాయి. ఓపల్ అంత్యక్రియలకు కూడా ఇంతమంది రాలేదు. ఒకడు భుజం మీద చెయ్యి వేశాడు. ఒకావిడ మోచెయ్యి పట్టుకుంది. "నువ్వే చెప్పు డెల్బర్ట్" అని ఇటువాళ్లు, "మీరే చెప్పండి" అని అటువాళ్లు. అతనికి ఆశ పుట్టింది. నక్క దగ్గర్నుంచి మొదలుపెడదామనుకుని గొంతు సవరించుకున్నాడు. అంతలో ఎవరి మోచెయ్యో తగిలి కాఫీ కూజా కిందపడి పగిలింది.

లోర్నా గరిటెతో బల్ల మీద కొట్టింది. "చాలు! తుపాకీ ఉన్నవాళ్లంతా బయటికి! అది ఎక్కడైనా పెట్టి వస్తే కాఫీ. లేకపోతే దారి చూసుకోండి. క్వింటానా, నువ్వు ఉండు."

అందరూ రాస్కో వంక చూశారు. ఇలాంటి రోజు కోసమే అతను ఇన్నేళ్లూ ఉపన్యాసాలిచ్చాడు. రాస్కో కిటికీలోంచి బయటి మంచు చూశాడు. పొయ్యి మీద వేగుతున్న మాంసం చూశాడు. బయటికి వెళ్లి, తుపాకీ బండిలో పెట్టి తాళమేసి వచ్చాడు. వెనకాలే అతని మనుషులూ అదే చేశారు.

"బండిలో ఉన్నా హక్కు హక్కేరా" అన్నాడు చేతులు రుద్దుకుంటూ.

డెల్బర్ట్ బండి ఇంటి దగ్గరే ఉండిపోయింది. "రాస్కో, దీన్ని నీ బండిలో పెట్టు."

"తుపాకీ చేతులు మారాలంటే ముందు పుచ్చుకునేవాడి మీద పోలీసు తనిఖీ జరగాలి. వీళ్లు తెచ్చిన చట్టమేగా."

"అవును" అంది వెర్నా. "జన్మలో మొదటిసారి సరిగ్గా చెప్పావు."

ఆ ఇద్దరూ ఒక మాట మీదికి రావడం ఊరు చూడటం అదే మొదలు.

"పోనీ కొట్టు తియ్యి. బాగుచేయడానికి తీసుకో."

"ఇంకా వేళ కాలేదురా. ఇప్పుడు నేను లోర్నాకి గిరాకీని."

డెల్బర్ట్ క్వింటానా వైపు తిరిగాడు.

"నేను పుచ్చుకుంటే జప్తు. జప్తంటే కేసు. మీకెందుకు పెద్దాయనా!"

లోర్నా తలుపు తెరిచి పట్టుకుంది. "అందరికీ ఒకటే మాట డెల్బర్ట్. ఏమనుకోకు."

అతను బయట నిలబడ్డాడు. కిటికీలో తన బల్ల కనిపిస్తోంది. తన కుర్చీలో వెర్నా కూర్చుంది. ఎదుట రాస్కో. ఇద్దరూ జామ్ సీసా అటూ ఇటూ జరుపుకుంటూ, మాట మీద మాట విసురుకుంటూ, ఒకరి పళ్లెంలోకి ఒకరు చూసుకుంటూ తింటున్నారు. డెల్బర్ట్ అద్దం మీద వేలితో కొట్టాడు. రాస్కో తలెత్తి, కప్పు పైకెత్తి మెచ్చుకోలుగా ఊపాడు.

కాసేపటికి క్వింటానా మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "ఇక మీద రోజూ పొద్దున్నే ఇక్కడ చర్చ పెడతారట. లోర్నా ఒప్పుకుంది. వ్యాపారం బాగుంటుందని. ఆ కిటికీ బల్ల మాట్లాడుకున్నారు."

"అది నా బల్ల."

"తెలుసు. అందుకే చర్చకు మీ పేరు పెట్టారు."

ఆ ఉదయం ఆ ఊళ్లో చట్టం తప్పకూడదని కోటు ఇంట్లో వదిలి వచ్చినవాడు డెల్బర్ట్ ఒక్కడే, తినకుండా ఇంటికి పోయినవాడూ అతనొక్కడే.