లావు అక్షరాల పళ్ళు

పొద్దున ఎనిమిదింటికల్లా తమ్ముడు బోర్డు తగిలించాలి, తొమ్మిదింటికి అక్క తన కొత్త దంతవైద్యశాల తలుపులు తెరవాలి. అనుకున్నది అంతే. తమ్ముడిది బోర్డుల డిజైను పని. వారం క్రితం అతనికి కంప్యూటర్లో ఓ కొత్త ఫాంటు దొరికింది. అప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు.

"చూడక్కా, ఒక్కో అక్షరం ఎంత బొద్దుగా ఉందో. తలకట్టు టోపీ పక్కకి పెట్టుకున్నట్టు లేదూ? ఈ 'ళ' పొట్ట చూడు. వీధి చివర నుంచే పలకరిస్తుంది."

"ముద్దొస్తోందిరా. మరి దంతవైద్యశాల అన్న మాటేదీ?"

"అంత పొడుగు మాట వీటికి నప్పదక్కా. చిన్నగా రాస్తే లోపలి ఖాళీలు పూడుకుపోయి ముద్దయిపోతాయి. ఒకటే మాట, పెద్దగా. అప్పుడే వీటి అందం."

బోర్డు మీద, నారింజ రంగులో, మనిషెత్తున ఒకటే మాట ఉంది: పళ్ళు.

తొమ్మిదీ పదికి మొదటి మనిషి వచ్చాడు. అక్క ఎదురెళ్ళి కుర్చీ చూపించింది.

"కూర్చోండి. నొప్పి ఎక్కడ?"

"నొప్పేం లేదమ్మా. ద్రాక్ష ఉందా?"

తర్వాత వచ్చినావిడ సంచి తెరిచి పట్టుకుంది. మూడో ఆయన అరటిపళ్ళు ముగ్గినవేనా అని అడిగాడు. అక్క మొహం చిన్నబోయింది. ఈ రెండు గదుల కోసం ఆమె ఉన్న ఉద్యోగం వదులుకుని వచ్చింది.

"ఇంకొక్క మాట చేరిస్తే సరి," అంటూ తమ్ముడు పరుగున పోయాడు. అరగంటలో, అంతే లావున రెండో మాట తెచ్చి అతికించాడు. ఇప్పుడు బోర్డు 'పళ్ళు తీస్తాం' అంటోంది.

పావుగంటలో ఒకాయన రెండు బుట్టల బత్తాయిలు దించాడు. "రసం తీసిపెట్టండమ్మా. గింజలు పడకుండా."

వెనకాలే మరో ఆరుగురు, చేతుల్లో గ్లాసులు. అక్క ఎలా చెప్పాలా అని తడబడుతుండగా, వరసలో విసుగెత్తిన ఒక పెద్దాయన తను తెచ్చిన ఆపిల్‌ని కొరికి, "అబ్బా" అని దవడ పట్టుకున్నాడు. అక్క ఒక్క అంగలో అతని దగ్గరికి చేరింది.

"నోరు తెరవండి. ఈ పన్ను ఎన్నాళ్ళయింది పుచ్చి?"

"నాలుగేళ్ళు. అందుకేగా తల్లీ, రసం తాగేది."

బత్తాయిల ఆయన బుట్టను పక్కకి జరిపాడు. "నేనూ అంతేనమ్మా. ఎడమ పక్క నమల్లేను." వెనకావిడ నోరు తెరిచి చూపించింది. ఆ తర్వాత గ్లాసులన్నీ ఒక్కొక్కటే బల్ల మీదికి చేరాయి, నోళ్ళన్నీ తెరుచుకున్నాయి.

సాయంత్రానికి పదిహేను రోజుల దాకా అక్కకి తీరిక లేదు. తమ్ముడు బోర్డు దించుదామని నిచ్చెన మోసుకొచ్చాడు.

"దాన్ని ముట్టుకున్నావంటే నీ పళ్ళు తీస్తాను," అంది అక్క, నవ్వు ఆపుకోలేక.

మర్నాడు పక్క సందులోని పళ్ళ దుకాణదారు తమ్ముణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. "నాకూ అవే లావు అక్షరాలు కావాలి బాబూ. కానీ 'పళ్ళు' అని మాత్రం రాయకు. నిన్నటి నుంచి నా కొట్టుకి వచ్చినవాళ్ళు దవడలు చూపిస్తున్నారు."

తమ్ముడు బాగా ఆలోచించి 'ఫలాలు' అని రాసిచ్చాడు. మధ్యాహ్నానికి ఆ కొట్టు ముందు నలుగురు జోస్యం కోసం చేతులు చాపుకుని నిలబడ్డారు.