క్షయ మీద కొవ్వు దిగ్బంధం

క్షయ క్రిమిని ఆకలితో మాడ్చి చంపుతామని ఆరోగ్య మంత్రిగారు మా ఆసుపత్రి మెట్ల మీద ప్రకటించారు. మందులు కనిపెట్టినవాళ్లకు కూడా ఇంత గొప్ప ఆలోచన రాలేదు. నేనక్కడ రోగుల బరువు తూచేవాణ్ణి, దగ్గరుండి చూశాను.

తప్పు డాక్టరమ్మదే. అంతకు ముందే గోడ మీది బొమ్మ చూపించి వివరించింది. ఒంట్లో కాపలా కాసే కణం క్రిమిని మింగుతుందట. క్రిమి చావదు సరికదా లోపలే మకాం పెట్టి, ఆ కణం చేతే కొవ్వు బొట్లు బొట్లుగా పోగు చేయించి తింటుందట. మిగిలింది తనలో దాచుకుని ఏళ్ల తరబడి హాయిగా పడుకుంటుందట. మంత్రిగారు ఆ క్రిమి వైపు చాలాసేపు గౌరవంగా చూశారు.

"అయితే కొవ్వు ఆపేస్తే సరి. ఈ పూట నుంచే రోగులకు గుడ్లు, పాలు, నూనె బంద్."

"అది కంచంలోంచి తినదు సార్. తిండి ఆపితే ముందు పోయేది రోగి."

"మీరు క్రిమి పక్షమా, ప్రభుత్వ పక్షమా?"

డాక్టరమ్మ బొమ్మ చుట్టేసింది.

సరుకు మాత్రం కాంట్రాక్టు ప్రకారం రోజూ దిగుతూనే ఉంది. రోగులు ముట్టుకోకుండా స్టోర్ ముందు గార్డును పెట్టారు. పాలు విరిగితే ప్రభుత్వానికి అప్రతిష్ఠ కనుక అతనే తాగేవాడు. గుడ్ల విషయంలోనూ అంతే బాధ్యతగా ఉన్నాడు. అతని మీద నిఘాకు అయిదుగురి కమిటీ వేశారు. వాళ్లూ స్టోర్‌లోనే కూర్చున్నారు.

మూడో మంచం మీద టైలరు ఉండేవాడు. వచ్చినప్పుడు నలభై కిలోలు. నలభై రెండు దాటితే ఇంటికి పంపుతానని డాక్టరమ్మ మాటిచ్చింది. సోమవారం సోమవారం కాటా ఎక్కి, ముల్లు చూడకుండా నా మొహం చూసేవాడు. ముల్లు సరిగా ఆగడం లేదని చెప్పేవాణ్ణి. నెల తిరిగేసరికి అది ముప్పై ఆరు దగ్గర చక్కగా ఆగింది.

అప్పుడే పైనుంచి బరువుల రిపోర్టు అడిగారు. గార్డునూ కమిటీనీ కలిపి సగటు తీయమన్నారు. తీశాం. ఆసుపత్రి సగటు బరువు తొమ్మిది కిలోలు పెరిగింది. మంత్రిగారు గార్డుకు పతకం ప్రకటించారు.

పతకం రోజు పొద్దున గార్డు ఖాకీ చొక్కా గుండీలు పట్టలేదు. తిన్నగా మూడో మంచం దగ్గరికి వచ్చాడు.

"ఏం బావా, పనీపాటా లేకుండా పడుకున్నావ్. ఈ చొక్కా పక్కలు కాస్త వదులు చెయ్యి."

టైలరు గోడకు చేరగిలబడి కుట్లు విప్పాడు. లోపల మడతలో బట్ట మిగల్లేదు. తన ఒంటి మీది ఖాకీ చొక్కా విప్పి, రెండు పక్కలా చెరో బెత్తెడు కత్తిరించి, గార్డు చొక్కాకు అతుకు వేశాడు.

"మరి నీకు సరిపోతుందా?" అన్నాను.

మిగిలిన ముక్కలు కలిపి కుట్టుకుని, తొడుక్కుని చూసుకున్నాడు.

"ఇంకా వదులేనన్నా."